కబన్యాల్ పేటలో తిండి వేళలు

స్పెయిన్ దేశపు వలెన్సియా నగరానికి తూర్పు కొసన, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న కబన్యాల్ పేటలో ఎక్కడ తినాలని అడిగేవారికి నేను ముందుగా వేళలు చెబుతాను, ఆ తరువాతే చోట్ల పేర్లు చెబుతాను. ఇక్కడ ఉదయం పది గంటలకు తినే తిండికి వేరే అంగళ్లున్నాయి, మధ్యాహ్నం రెండు గంటల అన్నానికి వేరే పొయ్యిలున్నాయి, రాత్రి తొమ్మిది దాటాక చిన్న పళ్లాల్లో వడ్డించే వంటకాలకు వేరే గదులున్నాయి. ఈ సంగతి తెలియక సాయంత్రం ఆరింటికి ఆకలితో బయలుదేరినవారికి మంచి వంటిళ్లన్నీ మూసి ఉంటాయి. సముద్రపు ఒడ్డున బొమ్మల మెనూ పట్టుకొని పిలిచే హోటళ్లే వారికి దిక్కవుతాయి. జూన్ నెలలో నేనూ నా భార్యా ఈ పేటలోనే బస చేసి, పేటవాళ్ల గడియారాన్ని అనుసరించి తిన్న తిండి గురించి ఇక్కడ రాస్తున్నాను. నాకు తిండి విషయంలో పట్టింపులు లేవు. ఆమె గుడ్డు మాత్రం తినే శాకాహారి. మన ప్రాంతం నుంచి వెళ్లే చాలా కుటుంబాల్లో ఇటువంటి జంటలే ఉంటారు కాబట్టి, ఇద్దరి అనుభవాన్నీ పక్కపక్కనే చెబుతాను.

గురువారం

ఉదయాన్నే కబన్యాల్ మార్కెట్‌కు వెళ్లాము. గురువారం నాడు మార్కెట్ చుట్టూ ఉన్న వీధుల్లో బట్టలు, కూరగాయలు, పండ్లు అమ్మే సంత కూడా జరుగుతుంది కనుక పేటను చూడడానికి ఇంతకంటే మంచి రోజు లేదు. లోపల చేపల వరుసలో కట్‌ల్ చేపలు, ఎర్రటి చిన్న చేపలు, గోటి పరిమాణంలో ఉండే గుల్లలు మంచు మీద పరిచి ఉన్నాయి. వాటికంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఉప్పుచేపల అంగళ్లు. ట్యూనా వీపు భాగాన్ని ఉప్పువేసి ఎండబెట్టినది ఒక చోట, చేపగుడ్ల సంచిని అలాగే ఎండబెట్టినది ఒక చోట, ట్యూనా పొట్ట భాగాన్ని ఉప్పులో ఊరవేసినది మరొక చోట ఉన్నాయి. ఈ చివరిదే కబన్యాల్ తనదని చెప్పుకొనే తితాయినా అనే కూరకు ప్రాణం. టమాటా, ఎర్ర కాప్సికం, పచ్చ కాప్సికం, వెల్లుల్లి, పైన్ గింజలు ఆలివ్ నూనెలో నెమ్మదిగా మగ్గించి, ఉప్పు తీసిన ఆ ట్యూనా ముక్కలను చేర్చి, కూర దగ్గరపడేదాకా ఉంచుతారు. ఈస్టర్ ముందరి వారంలో ఇది ఇంటింటా ఉంటుందట. మిగిలిన రోజుల్లో బ్రెడ్డులోనో, రొట్టె మీదనో, చిన్న కజ్జికాయల వంటి వాటిలోనో పెట్టి అమ్ముతారు. నేను ఒక రొట్టె అంగడిలో తితాయినా పెట్టిన కజ్జికాయ కొనుక్కున్నాను. టమాటా తీపి, కాప్సికం మెత్తదనం ముందు నోటికి తగిలి, ఉప్పుచేప రుచి చివరన వచ్చి నిలబడింది. చూడడానికి పూర్తిగా కూరగాయల వంటకంలా ఉండే దీనిలో చేప ఉంటుందని శాకాహారులు గుర్తుంచుకోవాలి.

ఈ తిండి ఇలా ఉండడానికి పేట చరిత్రే కారణం. 1837 నుంచి 1897 వరకు కబన్యాల్ ప్రాంతం వలెన్సియాలో భాగం కాదు, ‘సముద్రపు కొత్త ఊరు’ అనే అర్థం వచ్చే పేరుతో సొంత పురపాలక సంఘం ఉన్న మత్స్యకారుల ఊరు. వీధులన్నీ సముద్రానికి సమాంతరంగా పొడవుగా సాగడానికి కారణం, ఒకప్పుడు ఆ వరుసల్లో గడ్డి కప్పిన జాలరి గుడిసెలు ఉండడమే. ఆ గుడిసెల జాగాల్లోనే తరువాతి తరాలవాళ్లు రంగు రంగుల పలకలు అతికించిన సన్నని ఇళ్లు కట్టుకున్నారు. పడవలను ఒడ్డుకు లాగడానికి ఎద్దులను వాడేవారు. ఆ ఎద్దులను కట్టేసిన కొట్టం 19వ శతాబ్దం చివర కట్టినది, నేటికీ ఒడ్డుకు దగ్గరలో నిలిచి ఉంది. తాజా చేప అమ్ముకొని, ఉప్పుచేప ఇంట్లో ఉంచుకొనే జనం వంట ఇది.

మధ్యాహ్నం ఒక వీధి మూల హోటల్లో ఆ రోజు మెనూ తీసుకున్నాము. స్పెయిన్ అంతటా పనిరోజుల మధ్యాహ్నం మొదటి వంటకం, రెండవ వంటకం, బ్రెడ్డు, తాగడానికి ఏదైనా, చివర తీపి గాని కాఫీ గాని కలిపి ఒకే ధరకు పెడతారు. మాకు మనిషికి 14 యూరోలు పడింది. మొదటి వంటకాల్లో ‘బీన్స్ కూర’ అని ఉన్నది చూసి నా భార్య సంతోషించింది కాని, అందులో పంది ఎముక వేసి ఉడికించారని అడిగిన మీదట తెలిసింది. ఇక్కడ ‘మాంసం లేనిది’ అని అడిగితే సరిపోదు. పంది మాంసం, ట్యూనా, ఎముకల రసం మూడింటినీ విడివిడిగా పేరు పెట్టి అడగాలి. అడిగితే ఎవరూ విసుక్కోరు. ఆమె టమాటా సలాడు, బంగాళాదుంప గుడ్డట్టు తిన్నది.

రాత్రికి కాసా మోంతాన్యాకు వెళ్లాము. 1836లో మొదలైన ఈ మద్యపు అంగడి హోసే బెన్‌లియూరే వీధిలో ఉంది. లోపల గోడ వెంట నల్లబడిన పెద్ద పీపాలు, వాటి ముందు నిలబడి తినే బల్ల, దాని వెనుక కూర్చొనే గది ఉన్నాయి. ముందుగా చోటు చెప్పి పెట్టుకోవడం తప్పనిసరి. ఇక్కడ మెనూ పొడవుగా ఉన్నా, జూన్ నెలలో వచ్చినవారు మొదట అడగవలసింది క్లోచినాలు. ఇవి వలెన్సియా, సగుంతో రేవుల్లో తాళ్లకు పెంచే చిన్న ఆల్చిప్పలు, మే నుంచి ఆగస్టు వరకు మాత్రమే దొరుకుతాయి. నిమ్మకాయ, వెల్లుల్లి, మిరియాలు వేసి ఆవిరి మీద తెరుచుకొనేదాకా ఉంచితే చాలు. మరే హంగూ ఉండదు. స్పెయిన్ ఉత్తరాన పెరిగే పెద్ద ఆల్చిప్పల పక్కన పెడితే ఇవి సగం కూడా ఉండవు కాని రుచి మాత్రం గాఢంగా ఉంటుంది. పెద్ద చిక్కుడు గింజలను కారంగా, పంది ఎముకతో ఉడికించిన కూర నాకు నచ్చింది. నా భార్యకు వేయించిన బంగాళాదుంపలు, జున్ను, ఆలివ్ కాయలు, నూనె పోసిన టమాటా వచ్చాయి. ఆ టమాటా ముక్కల కోసమే మరుసటి ఏడాది రావచ్చునని ఆమె అన్నది, అది మర్యాదకు అన్న మాట కాదు.

శుక్రవారం

కబన్యాల్‌లో ఒకే ఒక పూట తినే అవకాశం ఉన్నవారు మధ్యాహ్న భోజనాన్ని వదులుకొని అయినా సరే ఉదయం తొమ్మిదిన్నర, పదకొండున్నర గంటల మధ్య తినే తిండిని తినాలని నా నిశ్చితాభిప్రాయం. వలెన్సియా భాషలో దీనిని ఎస్మొర్జరెత్ అంటారు. పొలం పనివాళ్లు, రేవు కూలీలు తెల్లవారుజామునే పనిలోకి దిగి, పొద్దు ఎక్కాక పని ఆపి తిన్న బువ్వ ఇది. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, తాపీ పనివాళ్లు, పదవీ విరమణ చేసిన పెద్దలు ఒకే బల్ల దగ్గర కూర్చొని తింటారు. దీనికి ఒక క్రమం ఉంది. మొదట కూర్చోగానే ఆలివ్ కాయలు, ఊరగాయ మిరపకాయలు, వేయించిన వేరుసెనగ కాయలు బల్ల మీదకు వస్తాయి. ఆ వేరుసెనగ స్థానిక రకం, కాయ పొడవుగా, నడుములు నొక్కుకుపోయినట్టు ఉంటుంది. ఆ తరువాత అర మూర పొడవు బ్రెడ్డును చీల్చి, వేడి వేడి వంటకాన్ని దానిలో కుక్కి ఇస్తారు. చివర కాఫీ వస్తుంది.

మేము వెళ్లినది 1921 నుంచి నడుస్తున్న లా పస్కువాలాకు. పది గంటలకే బయట వరుస ఉంది, లోపల మాటల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు, అయినా వడ్డించేవాళ్లు ఒక్క బల్లను కూడా మరిచిపోరు. వలెన్సియా అంగళ్లలో బ్రెడ్డు లోపల పెట్టేవాటిలో కొన్ని అందరికీ తెలిసిన జోడింపులు ఉన్నాయి: సాసేజీ, నెత్తురు సాసేజీ, చిక్కుడు గింజలు కలిపినది ఒకటి, దూడ మాంసం, వేగిన ఉల్లి, ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం కలిపినది మరొకటి, పంది నడుము మాంసం, గుడ్డు, జున్ను, పాలకూర ఆకు వంటి లెట్యూస్, మయొనైజ్ కలిపినది ఇంకొకటి. గుర్రపు మాంసం కూడా చాలా చోట్ల ఉంటుంది కనుక తెలియనిది అడిగి తీసుకోవడం మంచిది. నేను కట్‌ల్ చేప ముక్కలు వేయించి వెల్లుల్లి మయొనైజ్ పూసినది తీసుకున్నాను. ఆమెకు లేత వెల్లుల్లి కాడలతో వేసిన గుడ్డట్టు పెట్టిన బ్రెడ్డు దొరికింది. శాకాహారి ఒక పూటలో ఇంత తృప్తిగా తినగల చోటు పేటలో మరొకటి నాకు కనబడలేదు. పానీయం, కాఫీతో కలిపి ఇలాంటి పూటకు మనిషికి 7 నుంచి 10 యూరోలు అవుతుంది.

కాఫీ అని సులువుగా అన్నాను కాని, ఇక్కడ అడగవలసినది క్రెమాయెత్. చిన్న గాజు గ్లాసులో రమ్ము, చక్కెర, దాల్చినచెక్క, నిమ్మ తొక్క, కొన్ని కాఫీ గింజలు వేసి నిప్పు ముట్టించి, సారాయి ఘాటు కొంత మండిపోయాక పైన చిక్కటి కాఫీని నెమ్మదిగా పోస్తారు. కిందనున్న తేనె రంగు ద్రవం, మీది నల్లటి కాఫీ, అన్నిటికంటే పైన నురుగు మూడు పొరలుగా విడిగా నిలబడాలి. నిలబడకపోతే పోసినవాడి చేయి కుదరలేదని పక్క బల్లలవాళ్లే తీర్పు చెబుతారు. మద్యం ముట్టనివారు మామూలు కాఫీ అడగవచ్చు, ఎవరూ వింతగా చూడరు.

తిన్న తరువాత నడుస్తూ వెళితే పేట మధ్యలో ఇళ్ల వరుసలు హఠాత్తుగా తెగిపోయి ఖాళీ జాగాలు కనబడతాయి. 1998లో నగరపాలక సంఘం బ్లాస్కో ఇబాన్యెస్ రాజమార్గాన్ని కబన్యాల్ మీదుగా సముద్రం దాకా పొడిగించాలని, దానికోసం 1,651 ఇళ్లు కూల్చాలని పథకం వేసింది. అప్పటికే, 1993లో, ఈ పేట సాంస్కృతిక వారసత్వ సంపదగా గుర్తింపు పొంది ఉంది. ‘సల్వెం ఎల్ కబన్యాల్’ (కబన్యాల్‌ను కాపాడుకుందాం) అనే పేరుతో ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. నగరపాలక సంఘం కొన్న ఇళ్లను కూల్చడం, మిగిలినవి పాడుపడడం సాగుతుండగానే కేంద్ర సాంస్కృతిక శాఖ అడ్డుపడింది. 2015లో నగర పాలన మారాక ఆ పథకాన్ని విడిచిపెట్టారు. నేను పేరు పెట్టి చెబుతున్న పాత అంగళ్లు ఆ రోడ్డు వచ్చి ఉంటే ఎన్ని మిగిలేవో, మిగిలినా వాటిలో తినే పేటవాళ్లు ఎక్కడికి పోయేవారో తలచుకుంటే దిగులు కలుగుతుంది. ఇప్పుడు ఇళ్లు పర్యాటకుల బసలుగా మారి అద్దెలు పెరగడం కొత్త బాధ. మనలాంటి బయటివాళ్లం ఈ విషయం తెలిసి మెలగడం, పేటవాళ్లు నడిపే చోట్ల ఖర్చు పెట్టడం న్యాయం.

ఆ రాత్రి పెద్దగా ఆకలి లేక, పాత మద్యపు అంగడిని అదే నేల పలకలతో, అదే తలుపులతో తిరిగి నిలబెట్టిన బొదేగా అన్యోరాలో కొద్దిగా తిన్నాము. కాల్చిన ఎర్ర కాప్సికంను చేత్తో చీల్చి, ఉప్పుచేప పీచు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపిన ఎస్గరాయెత్ నేను తిన్నాను. చేప లేకుండా వట్టి కాల్చిన కాప్సికంను వంకాయతో కలిపి తినడమూ ఈ ప్రాంతపు వాడుకే కనుక శాకాహారులు అడిగి చూడవచ్చు.

శనివారం

రొసారి వీధిలో వరి మ్యూజియం ఉంది. 20వ శతాబ్దపు తొలి ఏళ్ల నాటి బియ్యం మిల్లును బాగుచేసి, చెక్క జల్లెడలు, బెల్టులు, బకెట్ల వరుసలు, పాలిషు రాళ్లు ఎక్కడివక్కడ ఉంచారు. తాడేపల్లిగూడెం వైపు పాత మిల్లుల్లో తవుడు వాసన మధ్య పెరిగినవారెవరైనా ఇక్కడ ఒక్కొక్క యంత్రాన్నీ చూడగానే గుర్తుపడతారు. నగరానికి దక్షిణాన ఉన్న అల్బుఫెరా సరస్సు చుట్టూ వరి పొలాలు ఉన్నాయి. మే నెలలో నీళ్లలో విత్తనం చల్లి, సెప్టెంబరులో కోస్తారు, శీతకాలంలో పొలాలను మళ్లీ నీటితో నింపుతారు. పండించే రకాల్లో సేనియా రసాన్ని బాగా పీల్చుకుంటుంది కాని ఒక నిమిషం ఎక్కువైతే ముద్దవుతుంది. బోంబా ఎక్కువ రసం తాగినా గింజ పగలదు, అందుకే దాని ధర ఎక్కువ. ఇవి రెండూ పొట్టి గింజలే; మన సోనా మసూరి అలవాటున్న నాలుకకు మొదట బరువుగా తోస్తాయి. ఈ సంగతులు తెలుసుకొని మరునాడు పాయెయా, అంటే వెడల్పు పెనంలో వండే వలెన్సియా అన్నం, ముందు కూర్చుంటే తినేదాని మీద గౌరవం పెరుగుతుంది.

సాయంత్రం ఆరు గంటలకు పేటవాళ్లు వెళ్లేది ఓర్చాతా అంగళ్లకు. నగరానికి ఉత్తరాన ఆనుకొని ఉన్న అల్బొరాయా పొలాల్లో పండే చిన్న దుంపలను నానబెట్టి, రుబ్బి, వడకట్టి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. ఆ మొక్క మన పొలాల్లో కలుపుగా తీసివేసే తుంగకు దగ్గరి చుట్టం. పాలు చుక్క కూడా ఉండవు. తాజాగా తీసినది ఆ రోజే తాగాలి. సీసాల్లో నిలవ ఉంచినదానితో దీన్ని పోల్చకూడదు. పక్కన ఇచ్చే పొడవాటి మెత్తని తీపి బ్రెడ్డును, ఫార్తోన్‌ను, అందులో ముంచుకొని తింటారు. నా భార్య సగం గడ్డకట్టిన రకాన్ని, మామూలు రకాన్ని ఒకే గ్లాసులో కలిపి అడిగింది. అది అక్కడివాళ్లు కూడా చేసే పనేనని అంగడి యజమానురాలు మెచ్చుకుంది.

ఆదివారం

పాయెయా ఆదివారపు మధ్యాహ్నం వంట. రాత్రి పూట దాన్ని వడ్డించే చోట్లను పేటవాళ్లు నమ్మరు. కబన్యాల్‌కు ఉత్తరంగా ఒడ్డు వెంట మల్వరోసా దాకా నడిచి, 1922 నుంచి ఉన్న కాసా కార్మెలాకు చేరాము. ఇక్కడ నారింజ కట్టెల మంట మీద వండుతారు, ఆ పొయ్యిల వరుసను చూడవచ్చు. ఏ అన్నం కావాలో, ఎందరికో ముందే చెప్పి పెట్టుకోవాలి. పాయెయాను సాధారణంగా ఇద్దరికి తక్కువ కాకుండా వండుతారు కాబట్టి మాలాంటి జంటకు చిక్కే. కాని వలెన్సియా సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుతున్న నా భార్య అన్నగారి అబ్బాయి, అతని స్నేహితుడు మాతో కలిశారు. స్నేహితుడూ శాకాహారి కావడంతో ఒక పెనం మాంసంతో, ఒకటి కూరగాయలతో చెప్పుకున్నాము. “అత్తయ్యా, కూరగాయల దాంట్లో రసం కూడా కూరగాయలదేనని ఫోనులో రెండు సార్లు అడిగి రూఢి చేసుకున్నాను” అని ఆ మేనల్లుడు ముందే ధైర్యం చెప్పాడు.

వలెన్సియా పాయెయాలో వేసేవి కోడి, కుందేలు, వెడల్పు పచ్చ చిక్కుడు, గరొఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, తీపి మిరప పొడి, కుంకుమపువ్వు, ఆలివ్ నూనె, నీరు, ఉప్పు, బియ్యం. కొందరు నత్తలు, రోజ్‌మేరీ రెమ్మ చేరుస్తారు. సాసేజీ వేస్తే వలెన్సియావాళ్లు దాన్ని పాయెయా అనరు. ఈ వంటను 2021లో వలెన్సియా ప్రభుత్వం సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ముందు మాంసాన్ని నూనెలో ఓపికగా ఎర్రబడేదాకా వేయించడంలోనే సగం రుచి పుడుతుంది. నీరు పోసి మరిగించి రసం దిగాక, బియ్యం చల్లి సమంగా సర్ది, ఇక గరిటె పెట్టరు. మొదట పెద్ద మంట, తరువాత చిన్న మంట, మొత్తం ఇరవై నిమిషాల లోపు. కట్టెల మంటలో దీన్ని సంభాళించడం గ్యాసు మీదకంటే ఎంతో కష్టం.

పెనం బల్ల మధ్యకు వచ్చినప్పుడు అన్నం వేలి మందం కూడా లేదు. అలాగే ఉండాలి, పొర పలుచన అయితేనే ప్రతి గింజకూ రసం, పొగ వాసన అందుతాయి. చెక్క చెంచాలతో పెనంలోంచే తినసాగాము. “మామయ్యా, మీ ముందున్న వైపు నుంచే అంచు మొదలుకొని లోపలికి తినండి, కలపకండి” అన్నాడు మేనల్లుడు. గింజ విడివిడిగా ఉన్నా లోపల మెత్తగా, కుందేలు రసం పీల్చుకొని ఉంది. గరొఫో వెన్నలా కరిగింది. అడుగున ఎర్రగా వేగి పెనానికి పట్టుకున్న పొరను సొకర్రాత్ అంటారు, దానిని చెంచాతో గీకుతున్నప్పుడు బల్ల మీద మాటలు ఆగిపోయాయి. కూరగాయల పెనం కూడా వెలితిగా లేదు. పొగ వాసన రెండింటికీ ఒకటే కనుక, వట్టి కూరగాయల అన్నం ఇంత బలంగా ఉండగలదని నా భార్య అనుకోలేదు. కొందరు 1898 నాటి లా పెపీకాను ఒడ్డు మీది అన్నానికి మెచ్చుకుంటారు. సముద్రానికి ఎదురుగా కూర్చొని చేపల రసంలో వండిన అన్నం తినాలనుకొనేవారికి అది తగిన చోటు. నాకు మాత్రం కట్టెల పొయ్యి ముఖ్యం.

సోమవారం

శని, ఆదివారాల్లో పడవలు వేటకు వెళ్లవు కాబట్టి సోమవారం చేపల అంగళ్లు చాలావరకు బోసిగా ఉంటాయి. చేపలు తినాలనే వస్తే మంగళవారం నుంచి శుక్రవారం వరకు ఎంచుకోవాలి. కొన్ని మంచి హోటళ్లు కూడా ఈ రోజు మూసి ఉంటాయి. మేము పది గంటల తిండి మరొక చిన్న అంగడిలో తిని, మధ్యాహ్నం పప్పు, బంగాళాదుంపలు ఉడికించిన మామూలు మెనూతో సరిపెట్టుకొని ట్రామ్ ఎక్కాము.

శీతకాలంలో వచ్చేవారికి క్లోచినాలు దొరకవు. బదులుగా బెనికార్లో ఊరి వైపు నుంచి వచ్చే ఆర్టిచోకులు అనే పూమొగ్గల కూరగాయలు ఉంటాయి, నూనెలో వేయించినవి శాకాహారులకు పండుగే. ఈల్ చేపను వెల్లుల్లి, మిరప పొడి, బంగాళాదుంపలతో వండే ఆల్ ఇ పెబ్రె కావాలంటే మాత్రం కబన్యాల్‌లో వెతకడం కంటే, బస్సెక్కి అల్బుఫెరా నడుమనున్న ఎల్ పల్మార్ ఊరికి వెళ్లి మధ్యాహ్నం రెండింటికి అక్కడ తినడమే సరైన పని.